సగం పన్ను మింగే భూతం

నూట ఎనిమిది చలువరాతి స్తంభాలు, స్తంభానికొక పగడపు చిలుక, చిలుక ముక్కున వేలాడే ముత్యాల జాలరు, ఆ జాలర్ల నీడన పట్టుపరుపుల మీద కునికిపాట్లు పడుతున్న దండనాయకులు! హంసావళీ నగరంలో మృదుసేన మహారాజు కొలువుకూటం ఆ మధ్యాహ్నం అలా వెలిగిపోతోంది. నిజం చెప్పాలంటే చిలుకలు ముప్పై రెండే మిగిలాయి. తక్కినవాటిని ఖజానా కోసం ఊడబెరికి అమ్మేశారు. అయినా కొత్తగా వచ్చినవాడి కళ్ళు చెదరడానికి ముప్పై రెండు చాలు.

కొలువు నడుమ వేషాల మాచన ఆడుతున్నాడు. ఏడు తరాల పగటివేషగాళ్ళ వంశం వాడిది. ఆ రోజు కట్టింది అర్ధనారీశ్వర వేషం. కుడిసగం ఈశ్వరుడు: ఒంటినిండా విభూతి, భుజాన పులితోలు, చేతిలో త్రిశూలం. ఎడమసగం అమ్మవారు: పచ్చని చెంప, ముక్కెర, కాలికి వెండి పట్టీ. నడుమ తెరగుడ్డ పట్టుకుని ఇటు తిరిగితే తాండవం, అటు తిరిగితే లాస్యం. వాడి భార్య వెంగమ్మ మద్దెల వాయిస్తోంది. ఆమె వేలు పడితే రాతిస్తంభం కూడా కాలు కదపాల్సిందే.

ఊరికి వచ్చి అది పదో రోజు. పగటివేషగాళ్ళు తొమ్మిది రోజులూ ఒక్క కాసు అడగరు. పదో రోజున వేషం విప్పి, మామూలు మొహంతో నిలబడి కానుక పుచ్చుకుంటారు. ఆ రాజ్యంలో వాళ్ళకు ఇంకో వరం కూడా ఉంది. వేషం మీదున్నవాడు ఎవరిని ఏమన్నా శిక్ష లేదు. రాజు ముత్తాత రాయించిన శాసనం అది.

ఆ ధైర్యంతోనే మాచన నోరు విప్పాడు.

"మహాప్రభో! మీ రాజ్యంలో ఎవడెంత సంపాదిస్తే అందులో సగం పన్నట గదా! మేమేమో ఇద్దరం ఒకే ఒంట్లో కాపురం ఉంటున్నాం. మీ వసూలుదార్లు వస్తే స్వామిని పట్టుకుపోతారా, అమ్మవారిని పట్టుకుపోతారా? ముందే చెబితే రెండో వాళ్ళు వంటకి బియ్యం తక్కువ పోసుకుంటారు!"

కొలువంతా గొల్లుమంది. కునుకు తీస్తున్న దండనాయకుడొకడు నవ్వు ఆపుకోలేక పరుపు మీంచి జారాడు. రాజు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి మాచనకు హుషారెక్కింది. చెమట కారుతుంటే మొహం తుడుచుకుని అందుకున్నాడు.

"నవ్వుకి కాదు ప్రభూ, నిజం. పొద్దున కంసాలి వీధికి వెళ్ళాను. సూర్యుడు నడినెత్తికి వచ్చాడో లేదో, సుత్తులన్నీ ఒక్కసారే కిందపడ్డాయి. అదేమయ్యా అంటే, 'పొద్దుటి రెక్కల కష్టంలో సగం పోయింది, మధ్యాహ్నం చేసినా సగం పోతుంది, ఇక ఒళ్ళెందుకు హూనం చేసుకోవాలి' అన్నారు. సాలెవాళ్ళూ అంతే, వడ్రంగులూ అంతే. మీకు సగం వస్తోంది నిజమే ప్రభూ, కానీ సగం పూట పనిలో సగం! పూర్వం మీ తాతగారు ఆరో పాలు తీసుకునేవారు. అది చాలదూ?"

"ఆపు!"

ఆ గొంతుకు ముత్యాల జాలర్లు గలగలలాడాయి. సింహాసనం వెనకనుంచి ప్రధానమంత్రి ధూపకేశుడు లేచాడు. మంత్రి అన్నది పేరుకే, మనిషి పెద్ద మాంత్రికుడు. వాడి తలమీద ఉన్నవి వెంట్రుకలు కావు, నల్లని పొగ. అది ఎప్పుడూ మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంటుంది. దాని కొస ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు.

"మహారాజా, వీడు వేషం మీద లేడు. కుడిచెంప చూడండి!"

మాచన చెంప తడుముకున్నాడు. ఇందాక చెమటతో పాటు విభూతి కూడా తుడుచుకుపోయింది. ఎడమవైపు అమ్మవారు నిండుగా ఉంది. కుడివైపు మాత్రం ఈశ్వరుడు వెళ్ళిపోయి, ఉట్టి మాచన మిగిలాడు.

"విభూతి మందంగా రాసుకో మావా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను," అని వెంగమ్మ పళ్ళ బిగువున గొణిగింది.

మృదుసేన మహారాజు మంచివాడు. మంచివాడు కాబట్టే అందరికీ భయపడతాడు. ఆయన దిగులుగా గడ్డం నిమురుకున్నాడు.

"మాచనా, సగం లాక్కోవడం నాకు మాత్రం సరదా అనుకున్నావా? కోట కింద హుంకారి ఉంది. ఆరేళ్ళ కిందట పాతాళంలోంచి వచ్చింది. పూట పూటకూ బండెడు బంగారం మింగకపోతే నగరాన్నే మింగుతుందని మంత్రిగారు చెప్పారు. మొదట ఆరో పాలే సరిపోయేది. తర్వాత నాలుగో పాలు అడిగింది. ఇప్పుడు సగం. పన్నును నిందించినవాణ్ణి దానికి ఆహారంగా వెయ్యాలని కొత్త శాసనం. అయితే నీ వేషం సగం ఉంది, సగం లేదు. కాబట్టి సగం శిక్ష వేస్తాను. ఇప్పుడే వెయ్యను, పొద్దు వాలేదాకా గడువిస్తాను. ఆరో పాలుతో హుంకారి ఆకలి తీరుతుందని నా కళ్ళెదుట చూపించు. చూపిస్తే ఈ క్షణంనుంచే పన్ను తగ్గిస్తాను. చూపించలేకపోతే ఇవాళ దాని భోజనం నువ్వే."

ధూపకేశుడు నవ్వాడు. వాడి తలమీది పొగ ఉరితాడులా ముడిపడి, మళ్ళీ విడిపోయింది.

బయటికి రాగానే వెంగమ్మ మద్దెలను చంకన బిగించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నోరు మాత్రం ఆగలేదు.

"ఊరి బాగు నీకెందుకయ్యా? కానుక పుచ్చుకుని చక్కా పోదామంటే విన్నావా? నిన్ను భూతానికేసి నేనెక్కడికి పోను?"

"నన్ను మింగితే దానికి అజీర్తేనే, ఏడవకు," అన్నాడు మాచన. "ఏ రోగికి పథ్యమైనా రోగిని చూశాకే కదా చెప్పాలి. పద, దాన్ని చూసొద్దాం."

మధ్యాహ్నం దాటాక పన్ను బంగారం బండి కోట కిందికి దిగుతుంది. దాని వెంట వెళ్ళే అధికారం వసూళ్ళ పెద్దకు తప్ప ఎవరికీ లేదు. ఆ పెద్దమనిషి భోంచేసి గుర్రు పెట్టే వేళకు, వేషాల పెట్టెలోంచి ఇంకో వసూళ్ళ పెద్ద పుట్టుకొచ్చాడు. గంపెడు దూది పొట్ట, చెవులదాకా మెలేసిన మీసం, మాటకో దగ్గు. పక్కన మూతి బిగించిన లేఖకుడి వేషంలో వెంగమ్మ, ఆమె చంకన లెక్కల మూటలా మద్దెల. కాపలావాడు ఈటె అడ్డం పెట్టబోయాడు.

"నీ జీతంలో సగం కట్టావా?" అని దగ్గాడు మాచన.

ఈటె తప్పుకుంది. తలుపు తెరుచుకుంది. కాపలావాడు ఆ పూటంతా మళ్ళీ కనబడలేదు.

లోపల కటిక చీకటి సొరంగం. పది అడుగులు వేశారో లేదో గోడల్లోంచి కత్తుల చక్రాలు రివ్వున తిరుగుతూ బయటికొచ్చాయి. బండి ఎద్దులు అలవాటు ప్రకారం ఆగి, వంగి, దాటుకుపోయాయి. మాచన కూడా ఎద్దుల్లాగే వంగాడు గానీ పొట్టను మరిచిపోయాడు. చక్రం దాన్ని నిలువునా చీల్చింది. దూది మబ్బుల్లా లేచింది.

"పొట్ట పోయింది, ప్రాణం మిగిలింది," అంటూ అవతలికి దూకాడు.

చక్రాలు దాటేసరికి బుస్సుమని ఏడు కంచు నాగులు పడగ విప్పాయి. వాటి కళ్ళలో ఎర్రని నిప్పు. ముందున్న బండివాళ్ళు ధూపం చూపించి దాటిపోయారు. వాటికి యజమాని అంటే పొగ. పొగ వాసన లేనివాడెవడొచ్చినా కాటే. వెంగమ్మ చటుక్కున పెట్టెకు పూజ చేసే సాంబ్రాణి తీసి వెలిగించింది. గుప్పుమని లేచిన పొగకు ఏడు పడగలూ వినయంగా దించుకున్నాయి. దంపతులిద్దరూ వాటి తలల మీద కాలు పెట్టకుండా, చీమల్లా నడిచి దాటారు.

ఆ తర్వాత గుహ. కొండ చీలికలోంచి పడే ఎండలో హుంకారి కూర్చుని ఉంది.

ఏనుగంత ఒళ్ళు. ఒంటినిండా పళ్ళేలంత పసుపుపచ్చని పొలుసులు. నుదుట మూడు కొమ్ములు, కొమ్ముల మధ్య మండే కన్ను. గుమ్మమంత నోరు, ఆ నోట్లో రోకళ్ళలాంటి కోరలు. అది ఊపిరి తీస్తే గుహలో ఇసుక లేచి చుట్టలు చుట్టింది. బండివాళ్ళు వణుకుతూ బంగారం నోట్లో కుమ్మరించారు. అది "హుం!" అన్నదో లేదో బండితో సహా పారిపోయారు.

వెంగమ్మ చేతులు గడగడలాడాయి. ఆ వణుకుకి వేళ్ళు మద్దెల మీద పడ్డాయి. తకధిమి తకఝణు అని మోగింది.

హుంకారి వెనకకాలు తాళం వేసింది.

మాచన కళ్ళు నులుముకున్నాడు. "ఇంకోసారి వాయించవే."

మళ్ళీ మోగింది. మళ్ళీ కాలు పడింది, సరిగ్గా సమం మీద! ఈసారి మాచన భయం మానేసి మెడ వైపు చూశాడు. మెడ ముడతల దగ్గర పసుపురంగు బీటలు వారి ఉంది. వేషగాళ్ళు ఒంటికి పూసే అరదళం జిగురు తక్కువై ఆరితే అలాగే పగులుతుంది. చిన్నప్పుడు ఆ రంగు నూరలేక ఎన్ని మొట్టికాయలు తిన్నాడో వాడికే తెలుసు. పాతాళంలో అరదళం ఎవడు నూరతాడు?

"ఇది భూతం కాదే, వేషం!" అని అరిచాడు.

హుంకారి బిక్కచచ్చిపోయింది. తర్వాత దాని గొంతులోంచి సన్నని దగ్గు, దాని వెనకే ముసలి గొంతు వచ్చాయి.

"గట్టిగా అరవకురా మాచా. ఎంత బిగబట్టినా ఆ వెనకకాలు నా మాట వినదు. మద్దెల వింటే పాడుకాలు ఆగుతుందట్రా?"

మాచన ఒక్క దూకున కోరలు పట్టుకుని నోట్లోకి తల దూర్చాడు. లోపల వెదురుబద్దల గూడులో, ఎముకలగూడై నవ్వుతున్నాడు సోమన. మాచనకు వేషం నేర్పిన గురువు. ఆరేళ్ళ కిందట సంతకు వెళ్ళి తిరిగి రాలేదు. నదిలో పోయాడనుకుని మాచన తలకొరివి పెట్టే భాగ్యం లేని కొడుకులా ఏడ్చి ఊరుకున్నాడు. ఇప్పుడు నిలువునా కూలబడి మళ్ళీ ఏడ్చాడు, ఈసారి సంతోషంతో.

"ఏడుపు తర్వాత," అన్నాడు సోమన. "పెద్ద వేషం కట్టిస్తానని పిలిచి, కాలికి పొగసంకెల వేశాడు ఆ ధూపకేశుడు. ఇనుముతో కోసినా తెగదు. ఈ నోట్లో పోసిన బంగారం గొంతులోంచి జారి, కింద ఏటిలో పడవల్లోకి పోతుంది. పడవలు సముద్రం మధ్య పొగదీవికి పోతాయి. అక్కడ కూలిసైన్యాన్ని పోగుచేస్తున్నాడు. వచ్చే నెల ఈ నగరం మీదికే వస్తారు."

"అంటే జనం సగం సంపాదన పెట్టి, వాళ్ళ మీదికే సైన్యాన్ని పెంచుతున్నారన్నమాట!" మాచన పళ్ళు కొరికాడు.

వెంగమ్మ సంకెలను పరీక్షగా చూస్తోంది. "తాతా, నీకు తాగడానికి నీళ్ళెలా ఇచ్చేవారు?"

"గొట్టంతో తిన్నగా నోట్లోనే పోసేవారమ్మా. చుక్క కిందపడనిచ్చేవారు కాదు. మర్యాద అనుకున్నాను."

"మర్యాదా, నా బొందా! పొగకి మంత్రమెందుకు?" అంటూ ఆమె నడుముకున్న నీళ్ళబుర్ర వంచింది. చుయ్‌మని సంకెల ఆరిపోయింది. ఆరేళ్ళ చెర గుక్కెడు నీళ్ళతో తీరింది. సోమన కాలు చూసుకుని పసిపిల్లాడిలా గెంతాడు.

సరిగ్గా అప్పుడే సొరంగంలోంచి పొగతాళ్ళు పాముల్లా దూసుకొచ్చాయి. వాటి వెనక ధూపకేశుడి గర్జన. "దొరికార్రా!"

"వేషంలోకి దూకండి!" అన్నాడు మాచన. ముందుకాళ్ళు సోమన, వెనకకాళ్ళు మాచన, పొట్టలో మద్దెలతో వెంగమ్మ. తకధిమి మోగింది. హుంకారి లేచి, ఏడాదికోసారి భయోత్సవం నాడు దాన్ని జనానికి చూపి బెదరగొట్టడానికి మంత్రి తెరిపించే పెద్దద్వారాన్ని కొమ్ములతో పొడిచింది. తలుపు విరిగింది. పట్టపగలు హంసావళి రాజవీధిలో హుంకారి ప్రత్యక్షమైంది!

జనం కేకలు పెట్టారు. అరుగుల మీద నిద్రపోతున్నవాళ్ళు లేచి పంచెలు వదిలేసి పరుగెత్తారు. వెనకనుంచి ధూపకేశుడు వచ్చాడు గానీ, వీధి మధ్యలో వాడి కాళ్ళకు బంధం పడింది. అది ఉట్టి తోలని తెలిసినవాడు వాడొక్కడే. ఆ మాట పైకి అనలేడు. భూతాన్ని అదుపు చేసే మొనగాణ్ణని ఆరేళ్ళు చెప్పుకున్నాడాయె! చేసేది లేక చేతులు జోడించి, "శాంతించు తల్లీ, శాంతించు!" అని మొక్కుతూ పరుగెత్తాడు. హుంకారి పొట్టలోంచి కిసుక్కున నవ్వు వినబడింది.

"నవ్వకే, పొలుసులు రాలుతున్నాయి," అని వెనకకాళ్ళు గదమాయించాయి.

పొద్దు పడమటి బురుజును తాకే వేళకు హుంకారి కొలువులో అడుగుపెట్టింది. దండనాయకులు స్తంభాలెక్కారు. మృదుసేన మహారాజు సింహాసనం మీదే కాళ్ళు ముడుచుకున్నాడు. హుంకారి మూడు కొమ్ములూ నేలకానించి నమస్కరించింది.

"మహాప్రభో! నాకు ఒళ్ళు బరువెక్కింది. వైద్యుడు పథ్యం చెప్పాడు. ఇకనుంచి ఆరో పాలు కూడా నాకొద్దు. అది మీరే ఉంచుకుని చెరువుకట్టలు వేయించుకోండి!"

రాజు సింహాసనం అంచునుంచి మెడ చాచి తొంగి చూశాడు.

"ఇవాళ పదో రోజు ప్రభూ," అంటూ సోమన హుంకారి తల ఊడదీసి చంకన పెట్టుకున్నాడు. వెనక తోలులోంచి మాచన, పొట్టలోంచి వెంగమ్మ బయటపడ్డారు. ముగ్గురూ మామూలు మొహాలతో వరసగా నిలబడ్డారు, కానుక పుచ్చుకునే రోజున నిలబడాల్సినట్టే. హుంకారి గొంతులోంచి బంగారం జారే దారిని, ఏటిని, పొగదీవిని గురించి సోమన నాలుగు ముక్కల్లో చెప్పాడు.

రాజు లేచి వచ్చి హుంకారి పొట్టమీద వేలితో పొడిచాడు. వెదురుబద్ద కిర్రుమంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ గడ్డిబొమ్మ కోసమా మా తాత పగడపు చిలుకలు అమ్మాను! ఈ గడ్డిబొమ్మ కోసమా నా జనం సగం కూడు తిన్నారు!" ఆయన ఆరేళ్ళలో మొదటిసారి గట్టిగా అరిచాడు. "చాటింపు వేయించండి. ఈ క్షణంనుంచి సంపాదనలో ఆరో పాలే పన్ను!"

స్తంభం మీదినుంచి ఒక దండనాయకుడు, "ఖజానా ఖాళీ, నెలలో యుద్ధం. ఆరో పాలుతో గడుస్తుందా ప్రభూ?" అన్నాడు. అది నిజమైన భయమే. రాజు మాచన వైపు చూశాడు.

"గడవకపోతే మళ్ళీ అడగండి ప్రభూ," అన్నాడు మాచన. "ఎందుకో చెప్పి అడగండి. కట్ట తెగిందంటే వాళ్ళే తట్టలెత్తుకుని వస్తారు. భూతం నోట్లో పొయ్యడానికని అడిగితేనే సుత్తి దించుతారు."

ఇంకా ఏదో చెప్పబోయాడు. అంతలో చల్లని పొగ వాడి నడుము చుట్టేసింది. కొలువు గుమ్మంలో ధూపకేశుడు! ఇక దాచుకోవలసిన పరువేమీ మిగల్లేదు వాడికి. తలమీది పొగ కొండంత పెరిగి, ఆ మాంత్రికుణ్ణి గాల్లోకి లేపింది.

"నా ఆరేళ్ళ పంట తగలబెట్టావు కదరా! ఇక నా దీవికి రా, నా సైన్యానికి వేషాలు కడుదువు గాని!"

మాచన కాళ్ళు నేలనుంచి లేచాయి. వెంగమ్మ ఒక్క గెంతున వాడి పాదాలు కరుచుకుంది. మెడలో మద్దెలతో సహా ఆమె కూడా లేచింది. ముత్యాల జాలర్లను చీల్చుకుంటూ, కోట బురుజుల మీదుగా, మాంత్రికుడు ముందు, మొగుడూ పెళ్ళాం వెనక, పడమటి సముద్రం మీదికి దూసుకుపోయారు.

"వదిలెయ్యవే, నువ్వయినా బతుకు!"

"నోర్మూసుకో మావా. పది రోజుల కష్టానికి కానుకే పుచ్చుకోలేదు. నిన్ను కూడా వదిలేసి ఒట్టి చేతులతో ఇంటికి పోవాలా?"

మాచన బదులు చెప్పబోయి ఆగాడు. కింద, దూరంగా, చాటింపు డప్పు మోగి ఆగింది. ఆ తర్వాత కంసాలి వీధిలో ఒక సుత్తి పడింది. దాని వెనకే ఇంకోటి. సాలెవీధిలో మగ్గాలు లటక్ లటక్ మన్నాయి. వడ్రంగుల రంపాలు లేచాయి. పొద్దు వాలుతున్న వేళ, ఎన్నాళ్ళకో, హంసావళి పని చేస్తున్న చప్పుడు ఆకాశందాకా వినబడింది. ప్రాణం తాడుకు వేలాడుతున్నా మాచనకు నవ్వు ఆగలేదు.

"వింటున్నావటే?"

"వింటున్నాను గానీ, నువ్వు పైకి చూడు."

సముద్రం మీద కారుమబ్బు కమ్ముకొస్తోంది. ధూపకేశుడు దాన్ని చూసి కెవ్వుమని దారి మళ్ళించబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. తొలి చినుకు టప్పున వచ్చి, మాచన నడుముకున్న పొగతాడు మీద చుయ్‌మంది.